ఒంటె మోసిన బరువు.. యక్షుడు పంపిన కబురు

వందేళ్ల కిందట కలకత్తాలో ఓ చిత్రకారుడు పురాణాలు, కావ్యాలు, అరేబియా కథలు చదివి నీటిరంగుల్లో బొమ్మలు వేశాడు. గల్ఫ్‌లో ఉన్న మనకు ఆ బొమ్మలు మన సంగతే చెబుతున్నట్టు ఎందుకుంటాయి? కువైట్‌లో ఓ రూం గోడ దగ్గర మొదలైన ముచ్చట ఇది.

మా రూంలో ఆరుగురం ఉంటాం. నలుగురం తెలుగువాళ్లం. ఒకతను బీహార్. ఆరో ఆయన కోల్‌కతా నుంచి వచ్చిన వంటమనిషి. అందరికంటే పెద్దవాడు కాబట్టి ‘దాదా’ అని పిలిచేవాళ్లం. రూం అద్దె అందరిదీ అయినా, ఎవరి మంచం పక్క గోడ వాళ్లది. ఒకరు వెంకన్న క్యాలెండర్ తగిలించుకుంటారు, ఒకరు పిల్లల ఫొటోలు అంటించుకుంటారు. దాదా మంచం పక్కన మాత్రం ఓ ఒంటె బొమ్మ ఉండేది. ఏదో పాత పుస్తకంలోంచి తీసిన కాగితం. నాలుగు మూలలా టేపు.

మొదట్లో మాకు నవ్వొచ్చేది. “ఎడారికొచ్చి గోడకు కూడా ఒంటేనా దాదా?” అని ఆటపట్టించేవాళ్లం. ఆయన ఏమీ అనేవాడు కాదు.

మా పక్క మంచం గోదావరి జిల్లా అన్నది. షట్టరింగ్ పని. నాలుగేళ్లయింది ఇంటి ముఖం చూసి. వచ్చేటప్పుడు చేసిన అప్పు ఒకటి, అది తీరకముందే చెల్లెలి పెళ్లికి చేసిన అప్పు ఇంకొకటి. ఓ శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని అందరం నడుం వాల్చాం. ఆయన మాత్రం ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి అన్నాడు.. “ఇది పడుకున్న ఒంటె కాదురా. పడిపోయిన ఒంటె.”

అప్పుడు లేచాడు దాదా. వచ్చీరాని హిందీలో, మాకు అర్థమయ్యేలా చెప్పడం మొదలుపెట్టాడు. ఆ బొమ్మ పేరు ‘శేష్ బోఝా’ అట. అంటే చివరి బరువు. వేసినవాడు అవనీంద్రనాథ్ ఠాగూర్. ఆ రోజు సాయంత్రం దాకా దాదా చెప్పింది విన్నాం. తర్వాత నేను దొరికినవన్నీ చదివాను, దొరికిన బొమ్మలన్నీ ఫోన్‌లో పెద్దవి చేసి చూశాను. ఆ చూసింది, చదివింది నలుగురితో పంచుకుందామనే ఈ నాలుగు మాటలు.

బొమ్మలో లేని మనిషి

‘శేష్ బోఝా’ను ఇంగ్లిష్ పుస్తకాల్లో ‘జర్నీస్ ఎండ్’ అంటారు. 1913 ప్రాంతంలో వేసింది. పొద్దు గూకే వేళ. ఆకాశం, ఇసుక ఒకటే ఎరుపు, ఒకటే గోధుమ రంగు. ఆ మధ్యలో ఒంటె మోకాళ్ల మీద కూలిపోయి ఉంది. వీపు మీద మూట మాత్రం అలాగే ఉంది. మెడ పైకెత్తి ఉంది. అంతే బొమ్మ.

ఇంకోసారి చూస్తే మరో సంగతి తెలుస్తుంది. బొమ్మలో మనిషి లేడు. ఆ మూట కట్టినవాడు లేడు, ఎక్కించినవాడు లేడు, తోలినవాడు లేడు. బరువు ఎవరిదో తెలియదు. మోసినది మాత్రం మన కళ్ల ముందు ఉంది. జాలి పడమని చిత్రకారుడు ఎక్కడా అడగడు. చుట్టూ ఖాళీ వదిలేసి ఊరుకున్నాడు. సైట్‌లో పదో అంతస్తు స్లాబు మీద నిలబడి సాయంత్రం ఎండను చూసినవాళ్లకు ఆ రంగు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఎవరీ అవనీంద్రనాథ్?

రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు తెలియనివాళ్లు లేరు. జనగణమన రాసిన కవి. ఆయనకు అవనీంద్రనాథ్ అన్న కొడుకు వరస. 1871 ఆగస్టు 7న కలకత్తా జొరాసాంకోలోని ఠాగూర్ల లోగిలిలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. అన్న గగనేంద్రనాథ్ కూడా పేరున్న చిత్రకారుడే. అన్నదమ్ములు ఇంటి దక్షిణపు వరండాలో కూర్చుని బొమ్మలు వేసుకునేవారు. ఆ వరండా గురించి బెంగాలీలు ఇప్పటికీ కథలు కథలుగా చెప్పుకుంటారు.

మొదట దొరల పద్ధతే నేర్చుకున్నాడు. గిలార్డీ అనే ఇటలీ ఆయన దగ్గర పాస్టెల్, పామర్ అనే ఇంగ్లిష్ ఆయన దగ్గర నూనెరంగులు, నీటిరంగులు. అప్పట్లో బొమ్మలేయడమంటే యూరప్ పద్ధతిలో వేయడమే. మన కథలు వేసినా మనుషులకు కండలు, నీడలు అక్కడివే. ఆ చదువు ఆయనకు వచ్చింది కానీ తృప్తినివ్వలేదు. 1890ల్లోనే వైష్ణవ కవుల పదాల ఆధారంగా కృష్ణలీల బొమ్మలు వేశాడు. మొఘల్ కాలపు చిన్న బొమ్మలు చూశాక ఆయన దారి ఇంకా మారింది. కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ స్కూల్ ప్రిన్సిపాల్ హావెల్ అనే ఇంగ్లిష్ దొర ఆ దారిని మెచ్చి, 1905లో ఆయన్ను వైస్ ప్రిన్సిపాల్‌గా పెట్టుకున్నాడు. అక్కడే నందలాల్ బోస్ లాంటి శిష్యులు తయారయ్యారు. ‘బెంగాల్ స్కూల్’ అని పుస్తకాల్లో రాసేది ఈ గురుశిష్యుల గురించే.

నీళ్లలో ముంచిన కాగితం

నీటిరంగులంటే మన పిల్లలు బడిలో వాడే రంగుల డబ్బా లాంటివే. నీళ్లలో కలిపి కాగితం మీద వేయడం. నూనెరంగులైతే తప్పు పోతే పైన ఇంకో పూత వేసి కప్పేయొచ్చు. నీటిరంగుల్లో ఆ వీలు తక్కువ. కింద ఉన్నది పైకి కనిపిస్తూనే ఉంటుంది.

1903లో జపాన్ నుంచి తైకాన్, షున్సో అనే ఇద్దరు చిత్రకారులు కలకత్తా వచ్చారు. తైకాన్ బొమ్మ వేస్తూ మధ్యమధ్యలో వెడల్పాటి కుంచెతో కాగితాన్ని నీళ్లతో తడపడం అవనీంద్రనాథ్ గమనించాడు. ఆయన ఇంకో అడుగు ముందుకేశాడు. బొమ్మ వేసిన కాగితాన్ని మొత్తంగా నీళ్లలో ముంచేశాడు! ఎవరైనా అయ్యో అంటారు. కానీ కాగితం పట్టుకున్న రంగు నిలిచింది, పట్టుకోనిది కరిగిపోయింది. ఆరాక మళ్లీ రంగు, మళ్లీ ముంచడం. అలా చేయగా చేయగా గీతలు మెత్తబడి, బొమ్మంతా పొగమంచులో నుంచి చూస్తున్నట్టు అవుతుంది. దీన్నే ‘వాష్’ పద్ధతి అంటారు.

ఆయన బొమ్మల్లో దూరం అంత బాగా పలకడానికి ఈ పద్ధతి కూడా ఓ కారణం అనిపిస్తుంది నాకు. దూరంగా ఉన్న ఊరు మనకు ఎలా గుర్తొస్తుంది? గీసినట్టు స్పష్టంగా రాదు. అంచులు కరిగిపోయి, ఒక్కో రంగు మాత్రం మిగిలి వస్తుంది. వేపచెట్టు ఆకుపచ్చ, ఇంటి ముందు అలికిన మట్టి రంగు, అమ్మ చీర అంచు.

కోటలో ఖైదీ.. తండ్రి దుఃఖం

ఆయనకు మొదట పెద్ద పేరు తెచ్చింది 1902 నాటి ‘షాజహాన్ అవసానం’. ఇది నీటిరంగు కాదు, నూనెరంగుల్లో మొఘల్ తీరులో వేసింది. కొడుకు చేతిలో బందీ అయిన ముసలి చక్రవర్తి ఆగ్రా కోటలో పడుకుని, దూరంగా కనిపించే తాజ్‌మహల్ వైపు తల తిప్పి చూస్తుంటాడు. కాళ్ల దగ్గర కూతురు జహనారా. ఢిల్లీ దర్బారు ప్రదర్శనలో దానికి వెండి పతకం వచ్చింది.

ఆ రోజుల్లోనే కలకత్తాలో ప్లేగు వచ్చి అవనీంద్రనాథ్ చిన్న కూతురు చనిపోయింది. ఆ దుఃఖమంతా ఆ బొమ్మలో పెట్టానని ఆయనే చెప్పుకున్నాడు. ఇది తెలిశాక బొమ్మ మారిపోతుంది. పైకి అది చరిత్ర పుస్తకంలో కథ. లోపల కూతుర్ని పోగొట్టుకున్న ఓ తండ్రి. పాత కథను ఆయన వాడుకున్న తీరంతా ఇదే. తన బాధ తన పేరుతో చెప్పుకోలేక, ఇంకొకరి కథ భుజాన పెట్టి చెప్పుకున్నాడు.

యక్షుడూ మనలాంటివాడే

1904లో ఆయన వేసిన బొమ్మ ‘నిర్వాసిత యక్షుడు’. కాళిదాసు మేఘదూతం కథ అది. అక్కినేని సినిమా ‘మేఘసందేశం’ (1982) పేరు అందరికీ తెలుసు. ఆ పేరు వచ్చింది ఈ కావ్యం నుంచే. కానీ అసలు కథ ఏమిటో మనలో చాలామందికి తెలియదు. ఒక్కసారి వినండి.

యక్షుడు కుబేరుడి దగ్గర నౌకరు. పనిలో ఏదో పొరపాటు చేశాడు. యజమాని కోప్పడి ఏడాది పాటు ఇంటికి వెళ్లకూడదని శపించాడు. హిమాలయాల్లో అలకాపురిలో ఉన్న భార్యను వదిలి, ఎక్కడో దక్షిణాన రామగిరి కొండ మీద ఒంటరిగా పడి ఉన్నాడు. నాగపూర్ దగ్గరి రామ్‌టెక్ కొండే ఆ రామగిరి అని చాలామంది అంటారు. ఢిల్లీ రైల్లో వెళ్లేవాళ్లు ఆ చుట్టుపక్కల నుంచే పోతుంటారు. కొన్ని నెలలు గడిచేసరికి మనిషి ఎంత చిక్కిపోయాడంటే, చేతి కడియం జారి పడిపోయింది. ఆషాఢం వచ్చింది. కొండ మీద ఓ మబ్బు కనిపించింది. ఉత్తరానికి పోతోంది కదా, నా కబురు చెప్పిపో అని దాన్ని బతిమాలాడు.

యజమాని, పొరపాటు, ఇంటికి పోకూడదన్న మాట, లెక్కపెట్టుకునే నెలలు.. ఇందులో మనకు తెలియనిది ఏముంది? అతనికి అకామా, పాస్‌పోర్టు గొడవ లేదంతే!

ఆ యక్షుడు మబ్బుకు దారి చెప్పే తీరు చూడాలి. ఏ కొండ దగ్గర ఆగాలి, ఏ నదిలో నీళ్లు తాగాలి, కాస్త చుట్టయినా ఉజ్జయిని ఎందుకు చూసి పోవాలి అన్నీ చెబుతాడు. ఊరు చేరాక ఇల్లు గుర్తుపట్టడానికి ఆనవాళ్లు కూడా. వాకిలికి శంఖం, పద్మం బొమ్మలు ఉంటాయి, పక్కన మా ఆవిడ బిడ్డలా పెంచిన చిన్న మందార చెట్టు ఉంటుంది అని. సెలవు మీద వెళ్లేవాళ్ల చేతికి సామాను ఇచ్చి మనం చెప్పమూ? “బస్టాండ్‌లో దిగి రామాలయం పక్క సందు, నీలం రంగు గేటు, ముందు జామచెట్టు..” అని. ఇల్లు గుర్తుచేసుకోవడానికి అదో వంక.

ఇక కబురు ఏమిటో తెలుసా? ముందుగా చెప్పమన్నది ఒక్కటే. నేను బతికే ఉన్నాను, బాగానే ఉన్నాను, నువ్వు ఎలా ఉన్నావు అని. అటు భార్య గడప దగ్గర పూలు పేర్చి, మిగిలిన నెలలు లెక్కపెట్టుకుంటూ ఉంటుందట.

ఒక్క మాట మాత్రం గమనించాలి. కడియం జారిపోయేంత చిక్కిన మనిషి ‘బాగానే ఉన్నాను’ అని కబురు పంపుతున్నాడు. అవనీంద్రనాథ్ బొమ్మ వేయడానికి ఎంచుకున్నది ఈ యక్షుణ్నే. అప్పటికి వాష్ పద్ధతి కొత్తగా చేతికి వచ్చింది. మబ్బు కథకు నీళ్లలో కరిగిన రంగు కంటే తగినది ఏముంటుంది?

అన్నం, బట్ట, చదువు

1905లో బ్రిటిష్‌వాళ్లు బెంగాల్‌ను రెండుగా చీల్చారు. స్వదేశీ ఉద్యమం లేచింది. అప్పుడే ఆయన ‘భారతమాత’ వేశాడు. ఇవాళ మనం క్యాలెండర్లలో చూసే భారతమాతకు చేతిలో జెండా, పక్కన సింహం ఉంటాయి. ఈయన భారతమాతకు ఆయుధాలు లేవు, కిరీటం లేదు. కాషాయం కట్టిన ఓ బెంగాలీ ఆడపడుచులా ఉంటుంది. నాలుగు చేతుల్లో వరి కంకులు, తెల్ల బట్ట, తాళపత్రాలు, జపమాల. అంటే అన్నం, బట్ట, చదువు, భక్తి.

పురాణాల్లో దేవతల చేతుల్లో ఏముంటే అది వాళ్ల శక్తి. ఆ పద్ధతి తీసుకుని, ఆయుధాల చోట ఇంటికి కావాల్సినవి పెట్టాడు. నెలనెలా జీతం పడగానే మనం ఎక్స్ఛేంజ్ ముందు లైన్‌లో నిలబడి పంపే డబ్బు దేనికి? బియ్యానికి, బట్టలకు, పిల్లల ఫీజులకే కదా. దేశం అంటే ఏమిటో ఆయన నాలుగు చేతుల్లో చెప్పేశాడు.

బాగ్దాద్ కథలు.. కలకత్తా వీధులు

పర్షియా కవి ఉమర్ ఖయ్యాం పద్యాలకు ఆయన వేసిన బొమ్మలు 1910లో లండన్‌లో అచ్చయ్యాయి. కానీ మనమున్న ఈ ప్రాంతానికి బాగా దగ్గరైన పని 1930లో చేశాడు. అప్పటికి ఆయనకు దాదాపు అరవై. కొన్నేళ్లుగా కుంచె పట్టడం తగ్గింది. ఉన్నట్టుండి అరేబియన్ నైట్స్ కథలకు వరసగా 45 బొమ్మలు వేశాడు. ఆయన జీవితంలో ఇదే గొప్ప పని అనేవాళ్లు ఉన్నారు. ఆ బొమ్మలు రవీంద్ర భారతి సొసైటీ సేకరణలో ఉన్నాయి.

మన తరం వాళ్లకు అరేబియన్ నైట్స్ అంటే ‘ఆలీబాబా 40 దొంగలు’ (1970) సినిమా, చందమామ కథలు. కానీ కలకత్తాకు ఈ కథలతో పాత బంధుత్వం ఉంది. ఈ కథలు అరబీ భాషలోనే మొట్టమొదట అచ్చయింది ఏ అరబ్ నగరంలోనో కాదు, కలకత్తాలో! 1814లో మొదటి భాగం, 1818లో రెండో భాగం వచ్చాయి. ఫోర్ట్ విలియం కాలేజీలో అరబీ నేర్చుకునేవాళ్ల కోసం వేశారు.

అవనీంద్రనాథ్ బాగ్దాద్ చూడలేదు. చూసినట్టు నటించనూ లేదు. తన ఇంటి దగ్గరి చిత్‌పూర్ రోడ్డునే బాగ్దాద్ చేశాడు. కలకత్తా రేవు నగరం. అన్ని దేశాల వర్తకులు, అన్ని మతాల మనుషులు ఆ వీధుల్లో కనిపించేవారు. అత్తరు అమ్మేవాళ్లు, దర్జీలు, వడ్డీ వ్యాపారులు, గుర్రబ్బండ్లు.. ఇవన్నీ ఆ బొమ్మల్లోకి వచ్చాయి.

అందులో ఒకటి ‘చేపముల్లు గూనివాడు’. కథ ఇది. ఒక దర్జీ, అతని భార్య ఓ గూనివాణ్ని ఇంటికి పిలిచి భోజనం పెడతారు. చేపముల్లు గొంతులో అడ్డుపడి గూనివాడు పడిపోతాడు. చచ్చాడనుకుని భయపడి, చీకట్లో తీసుకెళ్లి పక్కనున్న యూదు వైద్యుడి గుమ్మంలో పెట్టి వస్తారు. వైద్యుడు తట్టుకుని పడి, తన వల్లే పోయాడనుకుని పక్కింటి ముస్లిం ఉద్యోగి ఇంట్లోకి దించుతాడు. అతను దొంగ అనుకుని కొట్టి, తనే చంపాననుకుని బజారులో నిలబెట్టి వస్తాడు. చివరికి ఓ క్రైస్తవ దళారి మీద నేరం పడుతుంది. ఉరి తీయబోతుంటే.. ఉద్యోగి పరిగెత్తుకొచ్చి “అతను కాదు, నేను” అంటాడు. అతణ్ని ఉరి తీయబోతే వైద్యుడు వచ్చి “నేను” అంటాడు. చివరికి దర్జీ వచ్చి “వీళ్లెవరూ కాదు, నేనే” అంటాడు. ఆఖరున ఓ మంగలి ఆ ముల్లు బయటికి తీస్తే గూనివాడు తుమ్మి లేచి కూర్చుంటాడు!

నవ్వుల కథే. కానీ మూడు మతాల కొంపలు పక్కపక్కనే ఉన్న వీధి అది. రాత్రి భయంతో శవాన్ని పక్కవాడి మీదికి నెట్టినవాళ్లే, పొద్దున ఇంకొకడి ప్రాణం పోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయారు. అవనీంద్రనాథ్ ఈ బొమ్మలో అంతస్తుల కలకత్తా ఇల్లు వేశాడు. ఓ పక్క దుకాణం బోర్డు మీద తన ముత్తాత ద్వారకానాథ్ కంపెనీ పేరు కూడా రాసిపెట్టాడు. పరాయి దేశపు కథలో తన ఇంటి చిరునామా!

మన ఫ్లాట్ల మెట్ల మీద నిలబడి చూడండి. మొదటి అంతస్తులో ఈజిప్టువాళ్లు, రెండులో ఫిలిప్పీన్స్‌వాళ్లు, పైన మనమూ బంగ్లాదేశ్‌వాళ్లూ. ఒకరి కూర వాసన ఒకరికి పడదు. కానీ అర్ధరాత్రి ఎవరికైనా గుండె నొప్పి వస్తే ఏ దేశంవాడైనా కారు తాళం తీస్తాడు. ఆ కథలోని వీధి ఇంకా ఇక్కడ ఉంది.

తండ్రి కోసం సముద్రం దాటిన కొడుకు

ఆ తర్వాత మళ్లీ చాన్నాళ్లు కుంచె పక్కన పెట్టి, 1938లో ‘కవికంకణ చండి’ బొమ్మలు వేశాడు. ముకుందరాముడనే పాత బెంగాలీ కవి చండీ దేవి మీద చెప్పిన కావ్యం అది. అందులో ఓ కథ మనవాళ్లు తెలుసుకోవాల్సింది. ధనపతి అనే వర్తకుడు ఓడ మీద సింహళం వెళతాడు. అక్కడి రాజుకు కోపం వచ్చి జైల్లో వేయిస్తాడు. ఇంటి దగ్గర పుట్టిన కొడుకు తండ్రి ముఖం చూడకుండానే పెరుగుతాడు. పెద్దయ్యాక ఆ కొడుకే ఓడ ఎక్కి తండ్రిని వెతుక్కుంటూ వెళతాడు.

సముద్రం దాటి సంపాదనకు వెళ్లడం, అక్కడ చిక్కుకుపోవడం, ఇక్కడ పిల్లలు తండ్రిని ఫొటోలో చూసి పెరగడం.. ఇవేవీ ఆయిల్ కంపెనీలతో మొదలైనవి కావు. కవులు ఎప్పుడో రాశారు. మన బతుకు కొత్తది, ఎవరికీ పట్టనిది అనుకుంటాం కానీ, పాత కథల్లో దానికి చోటుంది.

జమీందారుకు బరువేం తెలుసు?

ఇదంతా దాదా చెబుతుంటే మా కడప తమ్ముడు ఓ మాట అడిగాడు. “ఆయన పెద్దింటి జమీందారు గదా దాదా. వరండాలో కూర్చుని బొమ్మలేసుకునేటోడికి మూట బరువేం తెలుసు?” న్యాయమైన ప్రశ్నే. అవనీంద్రనాథ్ ఇటుకలు మోయలేదు. ఎండలో రాడ్డు వంచలేదు.

దాదా కాసేపు ఆలోచించి చెప్పాడు. “ఒంటె బరువు ఆయనకు తెలియదు. కూతురు పోయిన బరువు తెలుసు. ఆ తెలిసిన బరువుతోనే తెలియని బరువును వేశాడు.” దీనికంటే మంచి జవాబు నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

చివరి రోజుల్లో ఆయన బొమ్మలు కూడా మానేసి విరిగిన కొమ్మలు, చెక్క ముక్కలు, పారేసిన వస్తువులు ఏరుకొచ్చి చిన్న చిన్న ఆటబొమ్మలు చేశాడు. వాటికి ‘కుటుం కాటం’ అని ముద్దుపేరు. ఎవరూ పట్టించుకోని పుల్లలో పక్షినో, జంతువునో చూసేవాడు. పిల్లల కోసం కథల పుస్తకాలు కూడా రాశాడు. 1951 డిసెంబర్ 5న కన్నుమూశాడు.

మన నేలకూ వచ్చిన రంగు

ఈ బెంగాల్ రంగులు మన వైపూ వచ్చాయి. మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాల ఉండేది. 1920ల్లో ప్రమోద్ కుమార్ చటర్జీ అనే బెంగాలీ చిత్రకారుడు అక్కడికొచ్చి పాఠాలు చెప్పాడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లలో అడివి బాపిరాజు ఒకరు. ‘నారాయణరావు’, ‘గోన గన్నారెడ్డి’ నవలలు రాసిన బాపిరాజే. ఒక చేత్తో కథ, ఒక చేత్తో బొమ్మ. అదే కాలంలో రాజమండ్రిలో దామెర్ల రామారావు బొంబాయిలో చదువుకొచ్చి తన సొంత తీరులో పురాణ కథలు, గోదావరి దృశ్యాలు వేశాడు. 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే పోయాడు. ఆయన పేరు మీద ఆర్ట్ గ్యాలరీ ఆ ఊళ్లోనే ఉంది. మా గోదావరి అన్న ఆ గ్యాలరీ పక్క నుంచి ఎన్నిసార్లు వెళ్లాడో లెక్క లేదు, లోపలికి ఒక్కసారీ వెళ్లలేదట!

తెలంగాణ వైపు చూస్తే, ఓరుగల్లు ప్రాంతం నుంచి కొండపల్లి శేషగిరిరావు శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర నేర్చుకున్నాడు. నందలాల్ గురువు అవనీంద్రనాథ్. ఆ లెక్కన శేషగిరిరావు ఆయనకు ప్రశిష్యుడు. శకుంతల, దమయంతి లాంటి కావ్య కథలను ఆయన బొమ్మ కట్టాడు. అంటే జొరాసాంకో వరండాలో కలిపిన రంగు చివరికి మన ఊళ్ల దాకా వచ్చిందన్నమాట.

అసలు ‘శేష్ బోఝా’ చూడాలనుకుంటే అది ఢిల్లీ నేషనల్ గ్యాలరీ ఆఫ్ మోడరన్ ఆర్ట్ సేకరణలో ఉంది. ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్ అంటే చెబుతారు. సెలవులో పిల్లల్ని తీసుకుని ఢిల్లీ వెళ్లేవాళ్లు ఓ గంట అక్కడికీ వెళ్లి అడిగి చూడండి. ఫోన్‌లో కనిపించేది వేరు, కాగితం మీద రంగు వేరు.

ఆ శుక్రవారం రాత్రి

మళ్లీ మా రూంకి వద్దాం. దాదా కథలన్నీ విన్న ఆ రాత్రి గోదావరి అన్న ఇంటికి ఫోన్ చేశాడు. రోజూ చేసేదే. రోజూ చెప్పేదే.. “నేను బాగానే ఉన్నా, మీరెలా ఉన్నారు?” ఆ రోజు మాత్రం ఆ మాట సగంలో ఆపాడు. ఆరు నెలల నుంచి నడుం నొప్పితో వంగలేకపోతున్నాడని మా అందరికీ తెలుసు. ఇంట్లో మాత్రం చెప్పలేదు. ఫోన్‌లో మొదటిసారి ఆ సంగతి చెప్పాడు.

అవతల కాసేపు మాట లేదు. తర్వాత వదిన గొంతు స్పీకర్‌లో మాకూ వినిపించింది. “ఇన్నాళ్లూ ఎందుకు దాచారండీ? రేపే డాక్టరుకు చూపించుకోండి. సంక్రాంతికి వచ్చేయండి. అప్పు ఎక్కడికీ పోదు, తర్వాత చూసుకుందాం.”

మర్నాడు అన్నను ఆస్పత్రికి తీసుకెళ్లాం. బరువులు ఎత్తొద్దని డాక్టరు కాగితం రాసిచ్చాడు. ఫోర్‌మన్ గొణిగాడు కానీ స్టోర్‌లో పని ఇచ్చాడు. సెలవు కాగితం పెట్టాం. అప్పు అలాగే ఉంది. వడ్డీ అలాగే ఉంది. అయినా అన్న మునుపటి కంటే కాస్త నిద్రపోతున్నాడు.

దాదా మొన్న ఎగ్జిట్ కొట్టించుకుని వెళ్లిపోయాడు. ఇరవై రెండేళ్ల సర్వీసు. పోతూ పోతూ ఆ ఒంటె బొమ్మ తీయలేదు. “ఇక నాకెందుకు, మీకు ఉండనీ” అన్నాడు. ఆయన మంచం మీదికి నిజామాబాద్ నుంచి కొత్త కుర్రాడు వచ్చాడు. వచ్చిన రోజే గోడ చూసి నవ్వాడు. “గీ ఒంటె ఏందన్నా, పండుకున్నదా?” అని.

గోదావరి అన్న మంచం మీద నుంచే చెప్పాడు.

“పడుకోలేదు తమ్ముడూ. ముందు స్నానం చేసి అన్నం తిను. దాని కథ శుక్రవారం చెబుతా.”